చదివి వినిపించాకే వేలిముద్ర

(నరసరావుపేటలో ఒక దస్తావేజు లేఖరి స్మారకార్థం చేసిన ఉపన్యాసం)



లేఖరిగారిని ఈ ఊళ్లో పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చెట్టు కింద ఒక బల్ల, బల్ల మీద స్టాంపు కాగితాలు, వాటి మీద గాలికి ఎగరకుండా ఒక సున్నపురాయి ముక్క. ఎవరికి దస్తావేజు కావాలన్నా "లేఖరిగారి దగ్గరికి పో" అనేవారు. నేనూ అలాగే పిలుస్తాను. లా కాలేజీలో చేరకముందు రెండు వేసవులు ఆయన దగ్గర కూర్చుని నకళ్లు రాశాను.

ఒక మధ్యాహ్నం రొంపిచర్ల వైపు నుంచి ఒక ముసలమ్మ, ఆమె కొడుకు వచ్చారు. రెండెకరాల మెట్ట కొడుక్కి రాసివ్వాలి. కొడుకు ముందురోజే వచ్చి వివరాలన్నీ చెప్పి రాయించుకుపోయాడు. ఇక వేలిముద్ర వేయించి లోపలికి పోవడమే మిగిలింది. నేను ఆమె ఎడమ బొటనవేలికి సిరా అంటించి కాగితం మీదికి తేబోతుంటే లేఖరిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండరా, చదవనీ" అన్నారు. కళ్లజోడు తగిలించుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టారు. సర్వే నంబరు, తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక. అలా పోతూ "గ్రామంలోని ఇంటి స్థలం అయిదు సెంట్లు" అన్నచోట ముసలమ్మ తలెత్తింది. "ఆ మాట మళ్లీ చదువయ్యా" అంది. ఆయన మళ్లీ చదివారు. ఆమె కొడుకు వంక చూడలేదు. వేలికున్న సిరాని తలకు రాసుకుంది. "పొలం రాస్తానన్నాను నాయనా, ఇల్లు రాస్తానన్లేదు" అంది. లేఖరిగారు ఆ కాగితాలు నిలువునా చించి, "పొలానికి వేరే రాస్తాను, రేపు రండి" అన్నారు. స్టాంపుల డబ్బు పోయిందని కొడుకు గొడవపడితే ఆ డబ్బు తనే పెట్టుకున్నారు.

ప్రతి దస్తావేజు చివరా "నా సమ్మతిన రాయించి ఇచ్చిన" అనే మాట ఉంటుంది. అందరూ అలవాటు కొద్దీ రాసే మాట. లేఖరిగారు మాత్రం ఆ మాట నిజమయ్యేదాకా వేలు కాగితానికి తగలనిచ్చేవారు కాదు. ఈ స్మారకోపన్యాస నిధి ఏర్పాటు చేసిన లేఖరిగారి కుటుంబం నన్ను ఏదైనా న్యాయశాస్త్ర విషయం మీద మాట్లాడమంది. ఇంటర్నెట్‌లో మన వివరాలు ఎవరివి అన్న ప్రశ్న తీసుకున్నాను. ఆ బల్ల దగ్గర నేను నేర్చుకున్నదానికి ఇంతకంటే దగ్గరి విషయం ఈ కాలంలో మరొకటి లేదు.

ఇవాళ పల్నాడులో వేలిముద్ర ఎన్నిచోట్ల వేస్తున్నామో లెక్కపెట్టండి. రేషన్ షాపులో ఈపాస్ మిషను మీద, పింఛను కోసం సచివాలయం ఉద్యోగి తెచ్చిన పరికరం మీద, సిమ్ కార్డు కోసం, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవడానికి, ఎరువుల కోసం. వీటిలో ఒక్కచోటన్నా చదివి వినిపించేవాళ్లున్నారా? "వేలు పెట్టమ్మా" అంటారు, పెడతాం. మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ల వేళ్లు చూడండి. కారానికి, ఎండకి చర్మం అరిగి గీతలే ఉండవు. మిషను ఒప్పుకోదు. కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది, నూనె రాసి మళ్లీ పెడుతుంది, ఇంకో వేలు పెడుతుంది. అన్నిసార్లు పెట్టిన ఆ వేలు ఎక్కడికి పోయిందో ఆమెను అడిగితే "బియ్యానికి" అంటుంది. ఆమెకు తెలిసిన సమ్మతి అంతవరకే. ఆ హద్దు దాటి ఆ వేలిముద్రను ఎవరు వాడుకున్నా ఆమె సమ్మతి లేనట్టే. నా ఉపన్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

రెండేళ్ల కిందట నా దగ్గరికి ఒక రైతు వచ్చాడు. అరెకరం అమ్మి రిజిస్ట్రేషన్ చేయించాడు. కొన్ని వారాలకు అతని ఖాతా నుంచి మూడు దఫాలుగా డబ్బు పోయింది. ఓటీపీ రాలేదు, ఫోను మోగలేదు. బ్యాంకుకు పోతే "నీ వేలే కదయ్యా వేసింది" అన్నారు. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. ఆ రోజు అతను ఊళ్లో పెళ్లిలో వడ్డిస్తున్నాడు. ఆధార్‌తో నడిచే ఆ చెల్లింపు పద్ధతిలో పిన్ను ఉండదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఒక్కో దఫాకు పదివేల దాకా తీయవచ్చు. ఆధార్ నంబరు, వేలిముద్ర రెండూ ఒకేచోట దొరికే కాగితం ఏదయ్యా అంటే, రిజిస్టరైన దస్తావేజే.

ఇది నా ఊహ కాదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దింపుకుని, వాటిమీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత అదే పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లను కంప్యూటరు మీదికి తెచ్చిన 'కార్డ్' పథకం 1998 నవంబరులో మొదలైంది. ఆస్తి మీద తాకట్టు, బాకీలు ఏమున్నాయో చూపే ఈసీ కోసం రోజుల తరబడి తిరిగే బాధ తప్పింది, లేఖరిగారు కూడా సంతోషించారు. కాని కాగితం మీద ఉన్నప్పుడు వేలిముద్రను చూడాలంటే మనిషి ఆఫీసుకు రావాలి, అర్జీ పెట్టాలి, గుమాస్తా కళ్లెదుట చూడాలి. ఆన్‌లైన్‌లోకి వచ్చాక ఎవరు చూశారో తెలియదు. మారిన సంగతి ఇదొక్కటే. దీన్ని ముందుగా ఎవరూ ఆలోచించలేదు.

వేలిముద్రకు మన దేశంలో ఒక చరిత్ర ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక గుత్తేదారు ఒప్పందం తప్పకుండా ఉండేందుకు అతని అరచేతి ముద్ర తీసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చేసరికి, కొన్ని కులాల్లో పుట్టిన పాపానికి మనుషుల పేర్లు రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పలికించారు. మన పాత గుంటూరు జిల్లాలోనే, బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టింది. ఎరుకల కుటుంబాలు ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయినా ఆ ఊరి పేరు చెబితే మొహం మారే అలవాటు ఎంతకాలం పోలేదో ఇక్కడ పెద్దవాళ్లకు తెలుసు. సినిమాలు కూడా ఆ మచ్చను మళ్లీ మళ్లీ దిద్దాయి. ఒకసారి రిజిస్టరులో పడ్డ పేరును కొట్టేయడం చాలా కష్టం.

ఇక న్యాయస్థానాల సంగతి. ఇక్కడ మన తెలుగువాళ్లు గర్వపడవలసిన కథ ఒకటి ఉంది, దాన్ని కాస్త తీరికగా చెబుతాను.

1954 జులైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. అప్పుడు ఈ పల్నాడంతా గుంటూరు జిల్లాయే. ఆ కోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. 1958లో ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962లో ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషి కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలయ్యాడు. అయినా పోలీసులు అతని మీద హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు తలుపు తట్టి లేపేవారు, ఎవరొస్తున్నారో ఎక్కడికి పోతున్నాడో రాసుకునేవారు. ఆరుగురు న్యాయమూర్తుల్లో ఎక్కువమంది రాత్రి తలుపు తట్టడం తప్పన్నారు గాని, నీడలా వెంటాడటంలో తప్పులేదన్నారు, మన రాజ్యాంగంలో గోప్యత హక్కనేది లేదన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. మనిషి ఒంటిమీద చెయ్యి పడకపోయినా, ఎవరో ఎప్పుడూ చూస్తున్నారన్న భయమే స్వేచ్ఛను చంపుతుందన్నది ఆయన తీర్పు సారం. ఆనాడది మైనారిటీ తీర్పు.

ఆ దారిలో తర్వాత వచ్చినవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. 1980లో పంజాబ్ పోలీసుల నిఘా రిజిస్టరు కేసులో జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి నిఘాకు హద్దులు గీశారు. 1994లో ఒక ఖైదీ ఆత్మకథ ప్రచురణ కేసులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, మనిషిని తన మానాన తనను వదిలేయమని కోరే హక్కు ప్రాణ స్వేచ్ఛలోనే ఉందన్నారు. వీళ్లందరిలో నాకు ఎక్కువ ఇష్టమైన తీర్పు 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చినది. భర్త దగ్గరికి పోయి కాపురం చేయమని కోర్టు భార్యను ఆదేశించే సెక్షన్ చెల్లదన్నారాయన. ఆమె శరీరం గురించిన నిర్ణయం ఆమెది, రాజ్యానిది కాదన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అయినా ఆ తీర్పు చెప్పిన సంగతి మనకు కావాలి. తెలుగులో 'గుట్టు' అనే గొప్ప మాట ఉంది. గుట్టుగా బతికాం అంటే గౌరవంగా బతికామని. కాని అదే మాటతో "ఇంటి గుట్టు బయటపెట్టకు" అని దెబ్బలు తిన్న ఆడపిల్లల నోళ్లు కూడా నొక్కాం. చౌదరిగారి తీర్పు చదివాక నాకు అర్థమైందేమంటే, గుట్టు ఇంటికి ఉండదు, ఇంట్లోని ఒక్కొక్క మనిషికీ ఉంటుంది.

2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన కె.ఎస్. పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఒకప్పుడు మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఆయన కేసులో, అసలు గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదిస్తే, 2015 ఆగస్టులో ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపిన బెంచికి నాయకత్వం వహించినవారు కృష్ణా జిల్లా మొవ్వ ప్రాంతానికి చెందిన జస్టిస్ చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో ఆ హక్కు లేదన్న భాగాన్ని కొట్టేశారు. 1962లో సుబ్బారావుగారు ఓడిపోయిన మాట 55 ఏళ్ల తర్వాత దేశానికి చట్టమైంది. ఆయన అప్పటికి లేరు.

సరే, హక్కు వచ్చింది. మరి ఆ వివరాలు ఎవరివి?

నా వివరాలు నా ఆస్తి, నా అనుమతి లేకుండా వాడుకోవడానికి వీల్లేదు, వాడుకుంటే నాకు డబ్బివ్వాలి అని ఈమధ్య చాలామంది అంటున్నారు. వినడానికి బాగుంది. నేను దాన్ని ఒప్పుకోను. ఆస్తి అన్నాక అమ్మకం ఉంటుంది. అవసరంలో ఉన్నవాడు ముందు అమ్ముకుంటాడు, తక్కువకు అమ్ముకుంటాడు. పల్నాడులో పెళ్లికని, బోరుకని, పత్తి పురుగుమందుల బాకీకని వేలిముద్రలతో భూములు ఎలా చేతులు మారాయో ఆ బల్ల దగ్గర కూర్చుని చూశాను. చదువుకున్నవాడు తన వివరాలు దాచుకుని, చదువులేనివాడు రెండొందల రీఛార్జికి తనవి అమ్ముకునే రోజు వస్తే దాన్ని హక్కు అనగలమా?

రెండో కారణం ఇంకా గట్టిది. నా వివరాల్లో నావి మాత్రమే ఉండవు. నా ఫోనులోని నంబర్లలో మా అక్క నంబరుంది, మా డాక్టరుది ఉంది, నా క్లయింట్లవి ఉన్నాయి. లోన్ యాప్‌లు చేసింది ఇదే. అయిదువేల అప్పు కోసం ఫోనులో "అనుమతించు" అని ఒక్కసారి నొక్కితే, కాంటాక్టులన్నీ, ఫొటోలన్నీ వాళ్ల చేతికి పోయాయి. వాయిదా తప్పినరోజు అప్పు తీసుకున్న అమ్మాయి ఫొటోను మార్ఫింగ్ చేసి ఆమె మేనమామలకూ, పనిచేసేచోట తోటివాళ్లకూ పంపారు. ఈ వేధింపులు భరించలేక చేసుకున్న ఆత్మహత్యలు 2020 చివర్లో తెలంగాణలో మొదలై, 2022 సెప్టెంబరులో రాజమండ్రిలో ఇద్దరు చిన్నపిల్లల తల్లిదండ్రుల దాకా వచ్చాయి. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు, అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లిస్టులు, ఫొటోల జోలికి పోకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు తీసుకున్న మనిషి సమ్మతించాడనే అనుకుందాం. ఆ ఫొటో అందుకున్న మేనమామ ఎప్పుడు సమ్మతించాడు? అతని నంబరును అమ్ముకునే హక్కు మేనకోడలికి ఎక్కడిది?

అందుకే యాజమాన్యం కంటే నాకు కౌలు మాట దగ్గరగా అనిపిస్తుంది. మిరప వేస్తానని పొలం కౌలుకు తీసుకున్నవాడు అందులో సున్నపురాయి తవ్వుతుంటే దాచేపల్లిలోనైనా పిడుగురాళ్లలోనైనా ఏ రైతు ఊరుకుంటాడు? ఏ పంటకని ఇచ్చామో ఆ పంటే వేయాలి, గడువు కాగానే వదిలిపోవాలి, కింద ఉన్న రాయి ముట్టుకోకూడదు. ఆ కౌలులోనూ ఒక తేడా పెట్టుకుందాం. పొలం అమ్ముకోవచ్చు, మనిషి వివరాలు అమ్మకానికి లేవు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ కూడా యజమాని అనే మాట పక్కనబెట్టి, వివరాలు తీసుకున్నవాడు నమ్మకానికి బద్ధుడు అనే పద్ధతిలోనే ఆలోచించింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి ఆ ఆలోచనే పునాది.

ఆ చట్టంలో మంచి ఉంది. ఏ పనికి తీసుకుంటున్నారో ముందే చెప్పాలి. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గానే వెనక్కి తీసుకోవచ్చు. ఉల్లంఘిస్తే 250 కోట్ల దాకా జరిమానా. కాని ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. పెళ్లిలో వడ్డిస్తూ డబ్బు పోగొట్టుకున్న నా రైతుకు ఈ చట్టం కింద పైసా రాదు. పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టం సెక్షన్ 43ఏని 2027 మే నుంచి తీసేసేదీ ఈ చట్టమే. పైగా తప్పుడు ఫిర్యాదు చేస్తే అతనికే పదివేల దాకా జరిమానా. కేంద్రం తను కోరుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు. మన వివరాలు అందరికంటే ఎక్కువగా ఉన్నది ప్రభుత్వం దగ్గర. అక్కడే తలుపు తెరిచిపెట్టారు.

ప్రభుత్వాల దగ్గర ఏం జరిగిందో మనం చూశాం. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం పేరు, మతం పేరు కొడితే ఆ ఇళ్ల జాబితా వచ్చేది, ఇల్లు ఎక్కడుందో కూడా తెలిసేది. ఒక్కసారి ఆగి ఆలోచించండి: ఒక అల్లరి రోజున అలాంటి జాబితా ఎవరి చేతిలోనైనా ఉంటే? అదే ఏడు, ప్రభుత్వ జనరిక్ మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా ఇంటర్నెట్‌లో కనిపించింది. కట్టుకున్నదానికి కూడా చెప్పకుండా మందు తెచ్చుకునే మనుషుల సంగతి అది.

ఇప్పుడు పల్నాడుకే ప్రత్యేకమైన మాట. మిగతా జిల్లాల్లో ఒక మనిషి ఏ పార్టీకి ఓటేస్తాడన్నది కబుర్ల సంగతి. మన కక్షల ఊళ్లలో అది ప్రాణాల మీది సంగతి. ఎన్నికల ఫలితం రాగానే ఇళ్లకు తాళాలేసి పిల్లల్ని, గొడ్లను తోలుకుని వెళ్లిపోయిన కుటుంబాలు ఈ సభలో కూర్చున్నవారి చుట్టాల్లోనే ఉన్నాయి. ఏ పార్టీ గెలిచినా అవతలివాళ్లు పోయారు.

2019 ఎన్నికల ముందు హైదరాబాద్ మాదాపూర్‌లోని ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీ మీద కేసు పెట్టారు. తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్ తయారుచేసిన సంస్థ అది. రెండు రాష్ట్రాలకు చెందిన 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు అక్కడి డిస్కుల్లో ఉన్నాయని ఆధార్ సంస్థే పోలీసులకు ఫిర్యాదు చేసింది. అలాంటిదేమీ లేదని ఆ పార్టీ అంది. తర్వాత వచ్చిన వైసీపీ ప్రభుత్వం 2019 ఆగస్టు నుంచి ఏభై ఇళ్లకొక వలంటీరును పెట్టింది. ఒకటో తారీఖు తెల్లారకముందే పింఛను ఇంటికి తెచ్చిచ్చిన పిల్లలు వాళ్లు, కరోనాలో చేసిన సేవ మరచిపోలేం. కాని ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎటు వైపో వాళ్ల ఫోన్లకు తెలుసునని అవతలి పార్టీలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. రెండుసార్లూ ఓటరుకు ఎదురైన ప్రశ్న ఒకటే: పింఛనుకని ఇచ్చిన వివరం ఎన్నికలకు వాడుకున్నారా? దానికి జవాబు తెలుసుకునే దారి ఓటరుకు ఏ ప్రభుత్వంలోనూ లేదు.

"ఏ ఇల్లు ఏ పార్టీయో ఊరందరికీ తెలిసిందే కదా, దాచేదేముంది?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఊరికి తెలియడం వేరు, జాబితాకు ఎక్కడం వేరు. ఊరికి తెలిసినదాంట్లో ఆ మనిషి మంచితనం కూడా ఉంటుంది. ఫలానా ఇంటివాడు అవతలి పార్టీయే గాని, మన గేదె బావిలో పడితే తాడు పట్టింది వాడే అని ఊరు గుర్తుపెట్టుకుంటుంది. రెండు పెళ్లిళ్లు, ఒక తిరునాళ్ల గడిస్తే కోపం చల్లారుతుంది. జాబితాకు తాడు పట్టిన సంగతి తెలియదు. ఊరి మొహం చూడని వాడు ఎక్కడో కూర్చుని ఆ పేరు పక్కన ఒక గుర్తు పెడతాడు. అది చెరిగిపోదు.

దీనికి మందు కొంత ఉంది, వాడుకోవడం లేదు. కాగితపు బ్యాలెట్ల రోజుల్లో పెట్టెల్లోవి కలిపి లెక్కపెట్టే ఏర్పాటు ఉండేది. ఓటింగ్ యంత్రాలు వచ్చాక బూత్‌వారీగా లెక్క బయటికొస్తోంది. ఏ పల్లె ఎటేసిందో లెక్కింపు రోజు సాయంత్రానికి తెలిసిపోతోంది. కొన్ని యంత్రాలను కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ పెట్టమని ఎన్నికల సంఘం 2008లో అడిగింది, లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. ఇంతవరకూ రాలేదు. దీన్ని అందరికంటే ముందు అడగవలసింది మనం. ఒక మనిషి గుట్టులాగే ఒక ఊరికీ ఓటు గుట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గోప్యత పేరుతో అధికారంలో ఉన్నవాళ్లు తమ తప్పులకు తెర కట్టుకోకూడదు. 2024 మే 13న మన మాచర్ల నియోజకవర్గం రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని పగలగొట్టిన సంగతి లోకానికి తెలిసింది వెబ్‌కాస్టింగ్ కెమెరా వల్లే. ఆ కెమెరా లేకపోతే అక్కడున్న సిబ్బంది నోరు విప్పి ఉండేవారా? అలాగే మన రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లు గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపిస్తారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి తీసుకున్న సంగతులు ఆ చదవడంలోనే దొరికాయి. కూలి జాబితా చదవడం అందులో పేరున్న కూలీని కాపాడటానికి. కాని కొత్త చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో అధికారి ఇప్పుడు కాదనవచ్చు. 2025 నవంబరులో నిబంధనలతో పాటే ఇది అమల్లోకి వచ్చింది. ప్రజాహితం కోసం ఇవ్వవచ్చని 8(2) ఉంది కదా అంటారు. ఆ ప్రజాహితాన్ని నిర్ణయించేది మళ్లీ ఆ అధికారే. పేదవాడి వివరాలకు తాళం వేయమని అడిగితే ఆఫీసు బీరువాకు తాళం వేసుకున్నారు. ఇది తప్పు, మార్చాలి.

2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. వెల్దుర్తి రైతు ఒక సర్టిఫికెట్ కోసం పనిదినం పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. మంచిదే, వాడుకోండి. నేను అడిగేది చాలా చిన్నది. ఏ సేవకు ఏ వివరం తీసుకుంటున్నారు, అది ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూస్తారు, తప్పు జరిగితే ఎవరి దగ్గరికి పోవాలి అన్నది ఒక్క పేజీలో, తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి ప్రతి సచివాలయం గోడకూ అంటించండి. కలెక్టరుగారు అనుకుంటే ఈ జిల్లాలో వారంలో అయ్యే పని.

తెలుగులో అని అడగడం దయ కోసం కాదు. వివరాలు తీసుకునే నోటీసు ఇంగ్లీషులో గాని, ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో తను కోరిన భాషలో గాని చదువుకునే వీలు మనిషికి ఇవ్వాలని కొత్త చట్టమే చెబుతోంది. సంస్థల మీద అసలు బాధ్యతలు 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. జిరాక్సు ఇవ్వవలసివస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ ఇవ్వండి. ఇచ్చే ప్రతి జిరాక్సు మీదా ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. మా కోర్టులో ఆ రాత పనికొస్తుంది.

చదువుకున్న పిల్లలకు ఒక మాట. సోమవారం సోమవారం ఈ ఊళ్లో కలెక్టరేటు దగ్గర అర్జీలు తీసుకుంటారు. దుర్గి నుంచీ బొల్లాపల్లి నుంచీ ముసలివాళ్లు తెల్లారుజామున బస్సెక్కి వస్తారు. చేతిలో ఫోనుంటుంది, దాంట్లో ఏదో మెసేజి ఉంటుంది, ఎవరో వేలు పెట్టమన్న కాగితం ఉంటుంది. వచ్చే సోమవారం నుంచి పది గంటలకు ఆ గేటు బయట ఒక బల్ల వేసుకుని నేను కూర్చుంటాను. ఫీజు లేదు. ఏ కాగితమైనా, ఏ యాప్ అడిగిన అనుమతి అయినా తెలుగులో చదివి వినిపిస్తాను, విన్నాక వేలు పెట్టాలో వద్దో వాళ్లే చెబుతారు. నా ఒక్కడి గొంతు సరిపోదు. రెండో కుర్చీ ఖాళీగా ఉంటుంది, వంతులవారీగా వచ్చి కూర్చోండి.